కిర్రక్క దిద్దుకున్న పాఠం

ఆ పెద్ద ఆస్పత్రి క్యాంటీనులో మధ్యాహ్నం ఒంటిగంటన్నర అయిందంటే అంట్ల గదిలో ఒకరి మాట ఒకరికి వినపడదు. పంపులు బుసలు కొడుతుంటాయి. పళ్లేల మీద పళ్లేలు పడుతుంటాయి. ఎంగిలి పళ్లేల బండి ఒకటి ఖాళీ అయ్యేలోగా మరొకటి వచ్చి గుమ్మంలో నిలబడుతుంది. పైన ఆరు అంతస్తుల్లో రోగులు, వాళ్లని చూడవచ్చినవాళ్లు, డాక్టర్లు, నర్సులు అందరూ కలిపి పూటకి పదిహేను వందల మంది తిని లేస్తారు. తన పళ్లెం ఎక్కడికి పోయిందన్న ఆలోచన వాళ్లలో ఒక్కరికీ రాదు. రానక్కర్లేదనే మనమూ అనుకుంటాం. మర్నాడు అదే పళ్లెం తళతళలాడుతూ ముందుకొస్తే చాలు, దాన్ని తోమిన చేతులతో మనకేం పని?

ఆ చేతుల కథే ఇది.

అంట్ల గదిలో పద్నాలుగు మంది ఆడవాళ్లు. వాళ్లందరికీ పెద్ద కిర్రక్క. తల్లిదండ్రులు ఆమెకి పెట్టిన పేరు హాజరు పుస్తకంలో తప్ప ఎక్కడా వినపడదు. కడిగిన పళ్లెం మీద బొటనవేలు ఆనించి ఒక్క లాగు లాగుతుందామె. కిర్రుమంటే ఆ పళ్లెం అరలోకి వెళుతుంది. వేలు జారితే మళ్లీ మొదటి తొట్టిలోకే. కొత్తగా చేరినవాళ్లకి ఆమె పెట్టే పరీక్ష అదొక్కటే. "కళ్లు మోసపోతాయి గానీ వేలు మోసపోదు. జిడ్డు నోరు మూసుకుంటుంది, శుభ్రం పలుకుతుంది" అనేది ఆమె పాఠం.

ఇదంతా చాదస్తం అనుకుంటే పొరపాటు. ఆమె చేరిన కొత్తలో ఒక వార్డులో నలుగురికి వాంతులు పట్టుకుంటే నింద క్యాంటీను మీద పడింది. వెతికితే అడుగున జిడ్డు మిగిలిన గిన్నె ఒకటి దొరికింది. దాన్ని తోమిందెవరో తేలలేదు. తానేనేమో అన్న అనుమానం మాత్రం ఆమెని నిద్రపోనివ్వలేదు. కోలుకుందామని వచ్చినవాళ్లు మన గిన్నెలో తిని పడిపోవడమా అని కుమిలిపోయింది. ఆ తర్వాత ఇరవై రెండేళ్లలో ఆ గదిలోంచి జిడ్డు పళ్లెం ఒక్కటీ పైకి పోలేదు. అక్షరం ముక్క రాని మనిషి ఒక్క బొటనవేలితో అంత పెద్ద ఆస్పత్రిని కాపాడుకొచ్చింది. మెచ్చుకోవలసిన చోట నోరారా మెచ్చుకోవాలి కదా.

కానీ ఆ మంచి నియమంలోనే ఒక ముల్లు దాగి ఉంది. "పళ్లేనికో న్యాయం, చేతికో న్యాయమా?" అని కిర్రక్క ఆ పరీక్షని చేతులకి కూడా పెట్టింది. పని దిగే ముందు పద్నాలుగు మందీ గిన్నెల సబ్బుతో, పీచుతో చేతులు రుద్దుకోవాలి. పాత్రల కోసం కలిపిన బ్లీచింగ్ నీళ్ల తొట్టిలో మణికట్టు దాకా ముంచాలి. వాసన పోవడానికి వంటగదిలో పిండి పారేసిన నిమ్మచెక్కలతో రాసుకోవాలి. ఆఖర్న ఒక చేతి బొటనవేలు ఇంకో అరచేతి మీద లాగితే కిర్రుమనాలి. కిర్రుమంటేనే ఇంటికి. ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ చెవితోనే పంపించేది.

మూడేళ్ల కిందట మేనేజరు రబ్బరు గ్లౌజులు రెండు పెట్టెలు తెప్పించాడు. కిర్రక్క ఒక జత వేసుకుని పళ్లెం మీద వేలు లాగి చూసింది. "పలికేది పళ్లెమో రబ్బరో ఎలా తెలుస్తుంది బాబూ?" అని తీసి పక్కన పెట్టింది. మేనేజరు నవ్వి ఊరుకున్నాడు. పెట్టెలు అటకెక్కాయి.

అందరి చేతులూ ఒక్కలాగే ఉండేవి. వేళ్ల కణుపుల దగ్గర బీటలు, గోళ్ల చుట్టూ ఎరుపు, వేళ్ల సందుల్లో మంట. కిర్రక్క చేతులు అన్నిటికన్నా అన్యాయం. వేళ్ల కొసలు అరిగి నున్నబడ్డాయి, అరచేతి గీతలు చీలి ఎర్రగా కనిపించేవి. పైవాళ్లెవరైనా మాట్లాడడానికి వస్తే ఆమె చేతులు ఏప్రాను జేబుల్లోకి వెళ్లిపోయేవి. ఎవరైనా మంట అంటే మాత్రం, "అంట్ల పనిలో చేతులు వెన్నముద్దల్లా ఉంటాయా? అలవాటైపోతుంది" అనేది. అలవాటు కానివాళ్లు మానేసి వెళ్లిపోయేవారు. ఒళ్లు వంగనివాళ్లని వాళ్లకో పేరు మిగిలేది.

ఆ గదిలోకి మూడు నెలల కిందట కిర్రక్క కోడలు వచ్చి చేరింది. పెళ్లయి ఏడాది. ఇంట్లో ఖాళీగా కూర్చోవడం ఆ పిల్లకి చేతకాలేదు. తనకంటూ ఒక పని, తనకంటూ ఒక హాజరు నంబరు కావాలని అడిగి మరీ వచ్చింది. అత్తాకోడళ్లంటే ఉప్పూ నిప్పూ అనుకునేవాళ్లు వీళ్లిద్దరినీ చూస్తే నిరాశపడతారు. పొద్దున్నే ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని వస్తారు, దారంతా కబుర్లే. రెండో వారానికే కోడలి చేతిలో పళ్లేలు పలకడం మొదలుపెట్టాయి. "మా వాడికి ఇంకేం తెలిసినా తెలియకపోయినా మంచి మనిషిని ఎంచుకోవడం తెలుసు" అని కిర్రక్క గదంతా వినేలా మురిసిపోయింది.

మొదటి నెల తిరిగేసరికి కోడలి చేతులు పొడిబారాయి. తర్వాత వేళ్ల సందుల్లో ఎర్రబడి దురద మొదలైంది. ఒకరోజు బస్సులో అత్తకి చూపించింది. కిర్రక్క ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎక్కడో సందులో జిడ్డు నిలుస్తోందమ్మా. అందరూ ఒకసారి ముంచితే నువ్వు రెండుసార్లు ముంచు. తగ్గిపోతుంది" అంది.

ప్రేమతోనే చెప్పింది. కోడలు భక్తితోనే పాటించింది. రోజూ రెండుసార్లు ముంచింది. ఆ తర్వాత మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అత్తయ్య ఇరవై రెండేళ్లు ఓర్చుకున్నదాన్ని తాను మూడు నెలలు ఓర్చుకోలేనా అనుకుంది.

ఓర్చుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మూడు నెలలు నిండగానే కొత్తవాళ్ల ఉద్యోగం ఖాయం చేయాలా వద్దా అన్నది మేనేజరు తేలుస్తాడు. ఆ వారంలోనే ఆరోగ్యశాఖ తనిఖీ కూడా పడింది. అంట్ల గది గోడ మీద "చేతులకు పుండ్లు ఉన్నవారు పాత్రలు ముట్టరాదు" అని ఒక బోర్డు ఉంది. దాని అర్థం ఆ గదిలో అందరికీ ఒకటే. పుండు కనపడిందా, ఇంటికే. అందుకే ఎవరూ కనపడనిచ్చేవారు కాదు. తనిఖీ దగ్గర పడేకొద్దీ శుభ్రంగా కనిపించాలని ఇంకా గట్టిగా రుద్దుకునేవారు. మంట మీద నూనె పోసి ఆర్పాలని చూసినట్టే ఉంది వాళ్ల వరస.

తనిఖీకి నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం రద్దీలో, కోడలు పళ్లేన్ని వేళ్లతో కాక రెండు అరచేతుల మధ్య పట్టుకుని కడగడం కిర్రక్క కంట పడింది.

"ఏమే, పళ్లెం పట్టుకునే తీరు అదేనా? పసిబిడ్డకి నీళ్లు పోస్తున్నావా?"

"జారుతోంది అత్తయ్యా."

"నీ చేతిలో పళ్లెం జారడం మానేసి చాలా రోజులైంది గానీ, చెయ్యి చూపించు."

కోడలు ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుంది. కిర్రక్క దాన్ని లాక్కుని చూసింది. ఉంగరం వేలు వాచి రెండింతలైంది. ఉంగరం కండలోకి దిగిపోయింది. గోరు పక్కన చీము పట్టి పసుపుపచ్చగా ఉంది. మిగతా వేళ్ల సందుల్లో చర్మమే లేదు, పచ్చిగా ఎర్రగా ఉంది.

"ఎన్నాళ్లయింది?"

"వారం."

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"మొదట్లో చెప్పాను కదత్తయ్యా. రెండుసార్లు ముంచమన్నారు. ముంచుతున్నాను."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. నిష్ఠూరం ఉండి ఉంటే కిర్రక్క తట్టుకునేదేమో. లేకపోబట్టే అది సూటిగా వెళ్లి గుండెలో దిగింది. వెంటనే పంపు కట్టేసింది. కోడలి భుజం పట్టుకుని గదిలోంచి బయటికి నడిపించింది. రద్దీ వేళ ఆమె గది వదిలి వెళ్లడం మిగతా పన్నెండు మందీ ఎన్నడూ చూడలేదు.

చర్మ వ్యాధుల విభాగం రెండో అంతస్తులో ఉంది. దీపం కింద చీకటి అంటారే, అలాగే ఆ విభాగానికి సరిగ్గా కింద పద్నాలుగు జతల చేతులు పగిలి మండుతుంటే అందులో ఒక్క జతైనా ఆ మెట్లెక్కలేదు.

డాక్టరమ్మ నడివయసు మనిషి, మాట నెమ్మది. నూనె రాసి, దారం చుట్టి, ఓపిగ్గా ఉంగరం తీసింది. చీము తీసి కట్టు కట్టింది. "ఇంకో రెండు మూడు రోజులు ఆగి ఉంటే లోపలికి పాకేది. సమయానికి వచ్చారు" అంది. తర్వాత అడిగింది, "చేతులు దేంతో కడుగుతావమ్మా?"

కోడలు వరసగా చెప్పింది. గిన్నెల సబ్బు, పీచు, రెండుసార్లు బ్లీచింగ్ నీళ్లు, నిమ్మచెక్క, ఆ తర్వాత కిర్రు. డాక్టరమ్మ రాస్తున్న కలం ఆగిపోయింది.

"ఇలా చెయ్యమని ఎవరు చెప్పారు?"

కోడలు నేల చూపులు చూసింది.

"నేనేనండి" అంది కిర్రక్క.

డాక్టరమ్మ కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది. "మన చర్మానికి అన్నిటికన్నా పైన ఒక పొర ఉంటుందమ్మా. కాగితమంత మందం కూడా ఉండదు. ఇటుకలు పేర్చి మధ్యలో సున్నం మెత్తిన గోడలా ఉంటుంది. ఆ మెత్తింది కొవ్వు. లోపలి తడి బయటికి పోకుండా, బయటి సబ్బూ క్రిమీ లోపలికి రాకుండా ఆపేది ఆ గోడే. మీరు రోజూ ఆ కొవ్వునే ఊడదీస్తున్నారు."

"జిడ్డు కాదాండి అది?"

"పళ్లెం మీదుంటే జిడ్డు. మనిషి మీదుంటే కాపలా. చెయ్యి కిర్రుమందంటే ఆ కాపలా లేచిపోయిందని అర్థం. ఇక లోపలికి ఏదైనా రావచ్చు. వచ్చింది చూశారుగా."

కిర్రక్క తనలో తాను అనుకున్నట్టుగా, "పెనం లాంటిదన్నమాట" అంది.

"ఏ పెనం?"

"మా వంటాయన ఇనప పెనం ఉందండి. పదిహేనేళ్లది. దానికి సబ్బు తగలనివ్వడు. బట్టతో తుడిచి నూనె చేత్తో నిమిరి పెడతాడు. ఒకసారి కొత్తగా వచ్చినామె తెలీక పీచు పెట్టి కిర్రుమనేలా తోమింది. మర్నాడు ఏం వేసినా అంటుకుపోయింది, పెనమంతా తుప్పు. ఆయన రెండు రోజులు అలిగి ఎవరితోనూ మాట్లాడలేదు. ఆనాటి నుంచీ పెనం జోలికి పీచు రాకుండా నేనే కాపలా కాస్తున్నానండి." ఆమె కోడలి కట్టు వైపు చూసింది. "ఇనప పెనానికి తెలిసిన న్యాయం పిల్లల చేతులకి తెలియలేదు నాకు."

డాక్టరమ్మ నవ్వబోయి ఆగింది. "ఇన్నేళ్లుగా రోగులకి ఇదే చెబుతున్నాను. మీరు చెప్పినంత బాగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను. సరే, పెనం పాడైతే ఏం చేశారు?"

"తుప్పు దులిపి, సన్నగా నూనె పట్టించి కాచి, మళ్లీ పట్టించి... దాని దారికి అది రావడానికి రోజులు పట్టిందండి. తొందరపెడితే రాదు."

"ఇదీ అంతే. ముందు ఊడదీయడం ఆపాలి. బ్లీచింగ్ నీళ్లు పాత్రలకే, చేతికి వద్దు. పీచూ నిమ్మచెక్కా అసలే వద్దు. గోరువెచ్చని నీళ్లు, ఘాటు లేని సబ్బు, మెత్తని బట్టతో అద్దుకోవడం. కొద్దిగా తడి ఉండగానే చిక్కటి మందు రాయాలి. వాసన లేని మామూలు పెట్రోలియం జెల్లీ అయినా చాలు. పనిలో లోపల నూలు గ్లౌజు, పైన రబ్బరు గ్లౌజు. లోపలిది చెమటకి తడిస్తే మార్చాలి. ఉంగరాలు ఇంట్లో వదిలి రావాలి, వాటి కింద సబ్బు నిలుస్తుంది. పైకి మానడానికి కొన్ని వారాలు, లోపల మునుపటి బలం రావడానికి నెలలు పడుతుంది. మానింది కదా అని మధ్యలో మానేయకూడదు." ఆగి అంది, "ఇక మీ చేతులు తియ్యండి."

కిర్రక్క చేతులు ఏప్రాను జేబుల్లోనే ఉన్నాయి. తియ్యడానికి కొంచెం సమయం పట్టింది. డాక్టరమ్మ ఆ రెండు చేతులనూ తన చేతుల్లోకి తీసుకుని చూసింది. "తొమ్మిదేళ్లుగా మీరు తోమిన పళ్లెంలో తింటున్నాను. పళ్లెం బాగుందనుకున్నానే గానీ, ఒక్కసారి కిందికొచ్చి ఈ చేతులెలా ఉన్నాయో చూడలేదు. నేను చేయాల్సిన పని అది" అంది. ఆమె ముఖంలో నిజమైన సిగ్గు కనిపించింది.

రెండు చీటీలు రాసి ఇచ్చింది. కోడలికి రెండు వారాలు, కిర్రక్కకి మూడు వారాలు తడి పని కూడదని.

మెట్లు దిగుతుంటే కోడలు అత్త మోచెయ్యి పట్టుకుంది. "అత్తయ్యా, చీటీ ఇవ్వకండి. జ్వరమని చెప్పి నాలుగు రోజులు ఇంట్లో ఉంటాను. తనిఖీ అయిపోయాక గ్లౌజులో దాచుకుని చేస్తాను. పుండున్న మనిషని తెలిస్తే తీసేస్తారు. ఎంత ముచ్చటపడి చేరానో మీకు తెలుసు కదా."

కిర్రక్క రెండు చీటీలూ మడిచి ఏప్రాను జేబులో పెట్టుకుంది.

ఆ మూడు రోజులూ ఆమె పడ్డ యాతన ఆమెకే తెలుసు. చీటీ ఇస్తే కోడలి ఉద్యోగం. ఇవ్వకపోతే కోడలి చెయ్యి, దాంతోపాటు ఇంకో పన్నెండు మంది చేతులు. పోనీ, కోడలి ఒక్కదాని సంగతి గుట్టుగా చక్కబెట్టుకుందామంటే మనసు ఒప్పుకోలేదు. తొట్టి ముందు నిలబడితే వెళ్లిపోయినవాళ్లు ఒక్కొక్కరే గుర్తొచ్చారు. చేతులు చూసుకుని ఏడ్చిన ఒకామెని "పువ్వు చేతులమ్మా" అని గదంతా నవ్వేలా ఎద్దేవా చేసింది తనే. ఆమె మర్నాటి నుంచి రాలేదు. వాళ్లెవరూ ఒళ్లు వంగక పోలేదని, తానే తోలేసిందని ఇప్పుడు తెలిసింది. తెలిసి చేసిన తప్పయితే తెలివిగా తప్పుకోవచ్చు. మంచి చేస్తున్నానని ఇరవై రెండేళ్లు చేసిన తప్పుని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తోచలేదు. ఆ గదిలో ఆమెకున్న ఆస్తి ఆ కిర్రు పాఠం ఒక్కటే. అదే తప్పంటే ఇక తనకేం మిగులుతుందని భయపడింది. ఆ భయాన్ని చూసి మనం తేలిగ్గా నవ్వకూడదు. మనలో ఎంతమంది నిన్న అన్న మాటనైనా ఇవాళ తప్పని ఒప్పుకుంటున్నాం?

తనిఖీ రోజు పొద్దున్నే మేనేజరు హడావిడిగా వచ్చాడు. "చేతులు బాగాలేనివాళ్లు ఈ పూట సరుకుల గదిలో కూర్చోండి. బాగున్నవాళ్లే ఇక్కడ కనపడండి" అన్నాడు. పన్నెండు మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, పన్నెండు మందీ సరుకుల గదిలోకి నడిచారు. మేనేజరు నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాడు. తొట్టి దగ్గర కిర్రక్క ఒక్కతే నిలబడింది.

తనిఖీ అధికారిణి గట్టి మనిషని పేరు. అరలోంచి పళ్లేలు తీసి వెలుతురుకి పెట్టి చూసింది, వెనక తిప్పి చూసింది, అంచులు తడిమింది. మచ్చ దొరకలేదు. ఆమె ముఖం విప్పారింది. "ఎన్నో వంటశాలలు చూశాను. ఇంత శుభ్రం ఎక్కడా చూడలేదు. ఎవరిదీ పనితనం?"

"మా కిర్రక్కదండి" అన్నాడు మేనేజరు సంబరంగా.

"ఏదమ్మా, ఆ చేతులు ఒకసారి చూడనీ" అంది ఆమె మెచ్చుకోలుగా.

మెచ్చుకోలుకి అడిగిన మాట అది. ఏదో నవ్వేసి జేబుల్లోనే ఉంచుకుంటే గడిచిపోయేది. కిర్రక్క చేతులు తీసి ఆమె ముందు చాపింది. వాటి మీద చీటీలు రెండూ పెట్టింది.

మేనేజరు ముఖం పాలిపోయింది. అధికారిణి చీటీలు చదివింది, చేతులు చూసింది, ఖాళీగా ఉన్న గది చూసింది. "మిగతావాళ్లు ఎక్కడ?"

"సరుకుల గదిలో ఉన్నారండి. వాళ్ల చేతులూ ఇంతే. పిలుస్తాను, చూడండి. మా కోడలు ఇంటి దగ్గరుంది, వేలికి చీము పట్టి. ఇందులో మేనేజరుగారి తప్పు లేదండి. ఆయన గ్లౌజులు తెప్పిస్తే అటకెక్కించింది నేను. బ్లీచింగ్ నీళ్లలో ముంచమన్నది నేను. మా కోడలు మంట అంటే ఇంకోసారి ముంచమన్నదీ నేనే. పళ్లెం ఎలా కడగాలో నాకు తెలుసండి. చెయ్యి ఎలా కడగాలో తెలీదు. తెలీకుండానే ఇరవై రెండేళ్లు పాఠం చెప్పాను."

సరుకుల గది గుమ్మంలో పన్నెండు ముఖాలు కనిపించాయి. కిర్రక్క వాళ్ల వైపు తిరిగింది. "నన్ను నమ్మి చేతులు పాడుచేసుకున్నారు. నవ్వితే నవ్వండి, తిడితే తిట్టండి. రేపటి నుంచి మాత్రం అలా చెయ్యకండి."

ఎవరూ నవ్వలేదు. అందరిలోకీ నోటి దురుసున్న పొట్టామె ముందుకొచ్చి, "అక్కా, నిన్ను తిట్టాలంటే నీ అంత మనిషి కావాలి. మాలో ఎవరున్నారు?" అని ఆమె చేతులు పట్టుకుంది. పట్టుకుని, మంటపుడుతుందేమోనని వెంటనే వదిలేసింది. అప్పుడు కిర్రక్క కళ్లలో నీళ్లు తిరిగాయి.

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, పుండ్లున్నవాళ్లని నియమం ప్రకారం తీసేసి..."

అధికారిణి అతని మాట పూర్తికానివ్వలేదు. "ఆ బోర్డు మీది నియమం మేం పెట్టిందే. పుండు మానేదాకా పని మార్చమని దాని అర్థం. మనిషిని మార్చమని కాదు. తీసేస్తారని భయం పెడితే దాచుకుంటారు. దాచుకున్న పుండే పళ్లెం దాకా వస్తుంది. ఈమె ఇవాళ చూపించకపోతే నేను ఈ గదికి నూటికి నూరు మార్కులు వేసి వెళ్లేదాన్ని. అది ఎంత పెద్ద అబద్ధమయ్యేదో ఆలోచించండి." ఆమె పళ్లేలకి ఇవ్వబోయిన ప్రశంస రాసింది. దాని కిందే చేతులకి ఏమేం కావాలో రాసింది. వంతుల వారీగా పొడి పని, నూలు గ్లౌజులు, ప్రతి తొట్టి దగ్గరా మందు డబ్బా, నెలకోసారి డాక్టరు వచ్చి చూడడం. మేనేజరు చదివి సంతకం పెట్టాడు. చెడ్డవాడేం కాదు. ఎవరూ చెప్పనిది అతనికీ తెలియలేదు.

మర్నాడు కోడలు కట్టు కట్టిన వేలితో, బిక్కుబిక్కుమంటూ వచ్చింది. ఆమె ఉద్యోగం ఖాయమైన కాగితం మేనేజరే తెచ్చి చేతికిచ్చాడు. "రెండు వారాలు పళ్లేలు ఎండబెట్టి, పేర్చే పని చూసుకో. తర్వాత నీ తొట్టి నీదే" అన్నాడు. కోడలు కాగితాన్ని రెండుసార్లు చదువుకుని, అత్త ముఖంలోకి చూసింది. "రేపు కూడా ఒకే బస్సుకి వద్దామా అత్తయ్యా?" అంది.

"రాక, నువ్వొక్కదానివే వస్తావా?" అంది కిర్రక్క.

ఆ రోజు పని దిగే వేళకి చేతుల జాగ్రత్తలు రాసి గోడ మీద అంటించడానికి ఒక అట్ట కావాలన్నాడు మేనేజరు. డాక్టరమ్మ దగ్గర్నించి రాయించుకు రానా అని అడిగాడు. పొట్టామె ఒప్పుకోలేదు. "ఆవిడ మాట చదువుతాం, అక్క మాట వింటాం. అక్కే చెప్పాలి" అంది. కిర్రక్కకి రాయడం రాదు కాబట్టి ఆమె చెబుతుంటే కోడలు కుడిచేత్తో రాయడానికి కూర్చుంది.

"ముందు ఇది ఎవరి మాటగా రాయమంటారు అత్తయ్యా?"

కిర్రక్క ఆలోచించింది. "ఇరవై రెండేళ్లు తప్పు నేర్పినదాని మాటగా రాయి. అప్పుడైతే నమ్ముతారు."

కోడలు కలం ఆగింది. అత్త ముఖం చూసి, ఆ మాట అలాగే రాసింది. చుట్టూ పన్నెండు మందీ చేరి చూస్తున్నారు. కిర్రక్క ఒక్కొక్క మాటే తూచినట్టు చెప్పింది.

"పళ్లేన్ని మెరిసేదాకా తోమండి. చేతిని శుభ్రమయ్యేదాకా మాత్రమే కడగండి, తడి ఉండగానే మందు రాయండి, మండితే దాచకుండా చెప్పండి. పళ్లెం పోతే ఇంకోటి వస్తుంది. ఒంటి మీద చర్మం ఎవరికీ రెండోది లేదు."